నోట్స్ కోసం కొన్న బైబిల్: నెట్ ఫుల్ నోట్స్ ఎడిషన్ గురించి

ముందే తేల్చి చెప్పేస్తాను. నెట్ బైబిల్ అనే ఈ ఇంగ్లిష్ అనువాదాన్ని రోజూ చదువుకోవడానికి కొనుక్కుంటే నిరాశపడతారు. పేజీ కింద ఉండే నోట్స్ కోసం కొనుక్కుంటే మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటవుతుంది. అసలు కొనకుండా ఫోన్‌లో ఫ్రీగా చదువుకున్నా ఆ నోట్స్ మొత్తం దొరుకుతాయి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నాది గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ షాపు. పెళ్లి శుభలేఖలు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు మామూలే గానీ, మా ఊళ్లో చర్చిలు ఎక్కువ కాబట్టి నా పనిలో సగం దేవుడి పనే. సువార్త సభల పోస్టర్లు, స్త్రీల సమాజం పుస్తకాలు, పాస్టరు గార్ల ప్రసంగాల సంపుటాలు. అనూ ఫాంట్లలో కొట్టి పేజ్‌మేకర్‌లో పెట్టిన రోజుల నుంచీ చేస్తున్నాను. ఇన్నేళ్లు బైబిల్ వచనాలు టైప్ చేస్తూ పోతే ఒక జబ్బు అంటుకుంటుంది. చేతులు కొట్టుకుంటూ పోతుంటే కళ్లు మాత్రం ఏదో ఒక మాట దగ్గర ఆగిపోతాయి. "ఇదేంటి, ఇలా ఎవరైనా మాట్లాడతారా?" అనిపిస్తుంది. ఎవరూ మాట్లాడరు. అది హీబ్రూ వాళ్ల నుడికారం, మన అక్షరాల్లోకి అలాగే దిగిపోయింది. అలాంటి చోట్ల చూడటానికి ఏదో ఒకటి కావాలని వెతుక్కుంటే చివరికి ఇది దొరికింది.

నెట్ అంటే న్యూ ఇంగ్లిష్ ట్రాన్స్‌లేషన్. ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచనతోనే మొదలైంది కాబట్టి పేరు రెండు రకాలుగానూ సరిపోయింది. 1995 నవంబర్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బైబిల్ పండితుల సమావేశం జరిగినప్పుడు దీనికి బీజం పడింది. హీబ్రూ, అరామిక్, గ్రీకు తెలిసిన పాతిక మందికి పైగా పండితులు పని పంచుకున్నారు. మొదటి ఎడిషన్ 2005లో వచ్చింది. ఇప్పుడు దొరికే అచ్చు ప్రతి థామస్ నెల్సన్ వాళ్లు 2019లో వేసిన రెండో ఎడిషన్. మొదటి ఎడిషన్ నోట్స్ అరవై వేలు దాటాయంటే ఎంత పనో ఊహించుకోండి.

నోట్స్ మూడు రకాలు. టీఎన్ అని ఉంటే అనువాదకుడి నోట్, ఎస్‌ఎన్ అంటే చదివేవాళ్ల కోసం వివరణ, టీసీ అంటే రాతప్రతుల్లో తేడాల గురించి. మనకి కావాల్సింది టీఎన్. అందులోనూ "హెబ్" అనే మాటతో మొదలయ్యేవి. "హెబ్" అని ఉందంటే, పైన మేం ఇంగ్లిష్‌లో ఇలా రాశాం గానీ హీబ్రూలో ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇదీ అని అర్థం. అంతే సంగతి. కథలు చెప్పరు, ప్రసంగం చేయరు. అసలు మాట ముందు పెట్టి, అవసరమైతే ఒకటి రెండు వాక్యాలు రాసి వదిలేస్తారు. ఈ పొదుపు నాకు బాగా నచ్చింది.

ఒక చోట దగ్గరగా చూపిస్తాను. ఆదికాండము 40వ అధ్యాయం, యోసేపు జైల్లో ఇద్దరి కలలకి అర్థం చెప్పే కథ. మన పాత తెలుగు బైబిల్లో పానదాయకుడితో, అంటే రాజుకి ద్రాక్షారసం అందించేవాడితో, యోసేపు అంటాడు, ఫరో "నీ తలను పైకెత్తి" నీ ఉద్యోగం నీకు మళ్లీ ఇప్పిస్తాడని. రాజుగారి రొట్టెలు చేసే భక్ష్యకారుడు ఇది విని ఆశపడి తన కల కూడా చెప్తాడు. అతనితో యోసేపు అదే మాట అంటాడు, కాకపోతే మధ్యలో ఒక్క ముక్క చేరుతుంది. ఫరో "నీమీదనుండి నీ తలను పైకెత్తి" మ్రాను మీద వేలాడదీయిస్తాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నప్పుడు ఇద్దరికీ తల ఎత్తడమేంటో అర్థం కాలేదు. ఇప్పుడు 13వ వచనం కింద నెట్ నోట్ చూస్తే, హీబ్రూలో తల పైకెత్తడం అంటే పోయిన పదవినీ పరువునీ తిరిగి ఇవ్వడం అని రాశారు. తల ఎత్తుకుని తిరగడం అని మనం కూడా అంటాం కదా, అదే. 19వ వచనం నోట్‌లో, అవే మాటలకి "నీమీదనుండి" అన్నది చేర్చేసరికి ఆ నుడికారం కాస్తా అక్షరాలా నిజమైపోయి తల తెగే మాటగా మారిందని చెప్తారు.

యోసేపు నోటి దురుసు చూడండి. పాపం ఆ వంటవాడు "నీమీదనుండి" అన్న మాట చెవిన పడేదాకా తనకీ శుభవార్తే అనుకుని ఉంటాడు.

మరి అదే చోట నెట్ అనువాదం ఏం చేసింది? పానదాయకుడికి "తిరిగి ఉద్యోగంలో పెట్టుకుంటాడు" అని, భక్ష్యకారుడికి "తల నరికిస్తాడు" అని రాసి పారేసింది. అర్థం సరే, చమత్కారం చచ్చింది. పైగా 20వ వచనంలో ఫరో పుట్టినరోజు విందులో ఇద్దరి తలలూ "పైకెత్తాడు" అన్న చోట మాత్రం ఆ మాటని అలాగే ఉంచి, దానికి కోట్స్ తగిలించారు. నోట్స్ చదవని ఇంగ్లిష్ పాఠకుడికి ఆ కోట్స్ ఎందుకొచ్చాయో తెలిసే దారే లేదు. మన తెలుగు బైబిల్లో మూడు చోట్లా "తల", "పైకెత్తి" అనే ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా చదివే తెలుగువాడికి విషయం తనంతట తానే అందుతుంది.

ఇలాంటివి చాలా కనిపించాకే అనువాదం కోసం వద్దు, నోట్స్ కోసమే అంటున్నాను. నెట్ వాళ్ల పద్ధతి ఏంటంటే, పైన పాఠంలో నుడికారాన్ని నలిపి చదును చేసేస్తారు, కింద నోట్‌లో దాన్ని భద్రంగా దాస్తారు. యోబు 38:3 చూడండి. దేవుడు సుడిగాలిలోంచి యోబుని నిలదీసే ఘట్టం. మన బైబిల్లో "పౌరుషము తెచ్చుకొని నీ నడుము బిగించుకొనుము" అని ఉంటుంది. చదువుతుంటేనే వెన్ను నిటారుగా అవుతుంది. నడుం బిగించడం హీబ్రూ వాళ్లకీ ఉంది, మనకీ ఉంది. పొడుగు అంగీ కాళ్లకి అడ్డం పడకుండా ఎత్తి నడుముకి చెక్కుకునే అలవాటు వాళ్లది, మనవాళ్లు పంచె ఎగ్గడతారు. నెట్‌లో అదే వచనం "కష్టమైన పనికి మగాడిలా సిద్ధపడు" అన్న ధోరణిలో ఉంటుంది. ఆఫీసులో మేనేజర్ మీటింగ్‌కి ముందు చెప్పినట్టు లేదూ! కింద నోట్‌లో మాత్రం నడుము సంగతి ఉంది.

రూతు గ్రంథంలో ఇంకాస్త నష్టం జరిగింది. 2వ అధ్యాయంలో బోయజు రూతుతో అంటాడు, నువ్వు ఇశ్రాయేలు దేవుడి రెక్కల కింద ఆశ్రయం కోరి వచ్చావని. 3వ అధ్యాయంలో రాత్రిపూట కళ్లంలో రూతు అతనితో "నీ దాసురాలిమీద నీ కొంగు కప్పుము" అంటుంది. హీబ్రూలో రెక్కకీ కొంగుకీ ఒకటే మాట, కనాఫ్. అంటే ఆ పిల్ల అతని మాట అతనికే అప్పజెప్పింది. దేవుడి రెక్కల గురించి చెప్పావు గదా, మరి నీ రెక్క సంగతేంటి అని. మన తెలుగులో రెక్క వేరు, కొంగు వేరు అయిపోయేసరికి ఆ దెబ్బ తప్పిపోయింది. అయినా "కొంగు" అన్న మాటతో పెళ్లి వాసన తగులుతుంది, కొంగుముడి తెలిసినవాళ్లం కదా. నెట్ పైపాఠంలో మొదటి చోట "రక్షణ కోరావు" అని, రెండో చోట ఏకంగా "నీ దాసురాలిని పెళ్లి చేసుకో" అని ఉంది. రెండు చోట్లా నోట్స్‌లోకి వెళ్తే మాత్రం రెక్కలు కనిపిస్తాయి. 3:9 నోట్ యెహెజ్కేలు 16:8 కూడా చూడమంటుంది, అక్కడ యెహోవా యెరూషలేము మీద తన వస్త్రం కప్పడం పెళ్లి ఒప్పందంగా ఉంటుంది. ఈ ఒక్క నోట్ పట్టుకుని మా సంఘంలో ఒక అక్కగారు స్త్రీల కూడికలో గంటసేపు చెప్పారు, ఎవరూ కునుకు తీయలేదు.

ఇక దంతశుద్ధి కథ చెప్పాలి.

ఒక సంఘం వాళ్లు ఉచిత దంత వైద్య శిబిరం పెడుతూ కరపత్రం వేయమని వచ్చారు. పైన వాక్యం ఉండాలి కదా. పాస్టరు గారు చీటీ మీద రాసుకొచ్చారు: ఆమోసు 4:6, "నేను మీకు దంతశుద్ధి కలుగజేసినను". అక్కడితో ఆపేసి చుక్క పెట్టారు.

"అయ్యగారూ, ఈ వచనం ఇక్కడ బాగోదండీ" అన్నాను.

"ఏం బ్రదర్, దంతశుద్ధి అని వాక్యంలోనే ఉంది గదా! ఇంతకంటే కరెక్టుగా ఎక్కడ దొరుకుతుంది?"

నేను ఫోన్ తీసి వచనం మొత్తం చదివాను. వెంటనే పక్కనే "మీకు ఆహారము లేకుండ చేసినను" అని ఉంటుంది. నెట్ పైపాఠంలోనైతే పళ్ల మాటే లేదు, మీ పట్టణాలన్నిటిలో తినడానికి తిండి లేకుండా చేశాను అని తిన్నగా రాశారు. హీబ్రూ మాటలు నిక్యోన్ షిన్నాయిమ్, పళ్ల శుభ్రత. తినడానికి మెతుకు దొరకనివాడి పళ్లలో ఏం ఇరుక్కుంటుంది? కరువుకి వాళ్లు పెట్టుకున్న పేరది. దేవుడు కోపంతో కరువు పంపానని అంటున్న వచనాన్ని పళ్ల డాక్టర్ల శిబిరానికి పెడుతున్నాం. అయ్యగారు మంచి మనిషి, కళ్లజోడు తీసి పడీపడీ నవ్వారు. చివరికి వేరే వచనంతో కరపత్రం వేశాం.

ఇక్కడ ఇంకో సంగతి తోచింది. మన పాత అనువాదం చాలా చోట్ల హీబ్రూ నుడికారాన్ని వదిలేసి అచ్చ తెలుగు నుడికారం పెట్టింది. దంతశుద్ధి లాంటి చోట్ల మాత్రం సంస్కృతం గుడ్డ కప్పి అలాగే ఉంచేసింది. ఏది ఎక్కడ చేశారో పైకి తెలియదు. నెట్ నోట్స్ పక్కన పెట్టుకుని చదివితే ఆ గుట్టు తెలుస్తుంది. నాకు ఈ పుస్తకం వల్ల కలిగిన పెద్ద లాభం ఇదే. ఇంగ్లిష్ బైబిల్ కొన్నందుకు తెలుగు బైబిల్ మీద గౌరవం పెరిగింది.

మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని కథ తీసుకోండి. పొద్దున్నుంచి పనిచేసినవాడికీ, సాయంత్రం వచ్చినవాడికీ ఒకే కూలి ఇచ్చాడని గొణుగుతారు. యజమాని "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అంటాడు. మన ఊరి మేస్త్రీ అన్నట్టే ఉంటుంది. నెట్ నోట్ చూస్తే మూలంలో కడుపూ లేదు, మంటా లేదు. "నేను మంచివాణ్ణి కాబట్టి నీ కన్ను చెడ్డదా" అని ఉంది. రాసింది గ్రీకులోనే అయినా నుడికారం హీబ్రూ వాళ్లది. చెడ్డ కన్ను అంటే ఓర్వలేనితనం, పిసినారితనం. మంచి కన్ను అంటే పెట్టే చెయ్యి. సామెతలు 22:9లో దరిద్రుడికి తన తిండిలో కొంత ఇచ్చేవాణ్ణి హీబ్రూలో మంచి కన్ను గలవాడు అనే అంటారు, మన బైబిల్లో "దయాదృష్టిగలవాడు". ఈ లెక్కన మత్తయి 6లో "నీ కన్ను తేటగా ఉండినయెడల" అన్న మాటకి ఏం అర్థం వస్తుందో చూడండి. ముందు వచనాలు ధనం కూడబెట్టుకోవడం గురించి, తర్వాతి వచనం దేవుడికీ సిరికీ ఇద్దరికీ దాసులుగా ఉండలేరని. మధ్యలో కళ్ల డాక్టరు మాటలెందుకొస్తాయి? అక్కడ చెప్తున్నది డబ్బు విషయంలో మనిషి చెయ్యి ఎలాంటిదని. నెట్ నోట్ ఈ అర్థాన్ని కొందరు పండితుల మాటగా ఒక మూల చెప్పి వదిలేసింది. నా ఉద్దేశంలో దాన్ని ముందుకి తెచ్చి నిలబెట్టాల్సింది. సువార్తల దగ్గర వీళ్ల చూపు హీబ్రూ మీద కంటే గ్రీకు మీదే ఎక్కువ ఉంటుందనిపిస్తుంది. పాత నిబంధనలో ఉన్నంత ధీమాగా కొత్త నిబంధనలో హీబ్రూ వాసన పట్టరు.

ఆడవాళ్ల విషయాలు, మరుగు విషయాల్లో మనవాళ్ల నేర్పు చూడాలి. రాహేలు విగ్రహాల మీద కూర్చుని తండ్రి లాబానుతో లేవలేనంటుంది. హీబ్రూలో "స్త్రీల దారి నాకు ఉంది" అన్నట్టు ఉంటుందని నెట్ నోట్. పైపాఠంలో ఇంగ్లిష్ వాళ్లు పీరియడ్ అని రాశారు. మన బైబిల్లో "నేను కడగానున్నాను". మా నాయనమ్మ ఇదే మాట అనేది. సౌలు గుహలోకి వెళ్లిన చోట హీబ్రూలో "కాళ్లు కప్పుకోవడానికి" అని ఉంటుంది, మన బైబిల్లో "శంకానివర్తికి". లఘుశంక తెలిసిన భాష కాబట్టి ఆ మర్యాద కుదిరింది. నేను ఒకసారి ఇదే వచనం టైప్ చేస్తుంటే షాపులో కుర్రాడు "అన్నా, సౌలుకి ఏం డౌట్ వచ్చింది?" అని అడిగాడు. కాబట్టి మన పాత మాటలకీ ఇప్పుడు నోట్స్ కావాలి, అది వేరే సమస్య.

కొన్ని నోట్స్ నోళ్లు మూయిస్తాయి కూడా. ఆదికాండము 2:17లో "నిశ్చయముగా చచ్చెదవు" అన్న చోట హీబ్రూలో "చచ్చుట చచ్చెదవు" అని క్రియ రెండుసార్లు వస్తుంది. దీన్ని పట్టుకుని, రెండుసార్లు ఉంది కాబట్టి రెండు చావులు, ఒకటి ఆత్మకి, ఒకటి శరీరానికి అని ప్రసంగాలు చెప్పేవాళ్లున్నారు. ఆ సిద్ధాంతం తప్పో ఒప్పో నేను చెప్పను, నాకు అంత చదువు లేదు. కానీ క్రియని అలా రెట్టించడం హీబ్రూలో ఖాయంగా అని చెప్పే మామూలు పద్ధతి, పాత నిబంధన నిండా ఉంటుంది. మనం "వస్తే వచ్చాడు", "చచ్చినట్టు చేస్తాడు" అంటాం, అందులో ఎన్ని చావులున్నాయని ఎవరూ లెక్కపెట్టరు కదా.

ఈ రెండు చావుల పాఠం నేను మొదట విన్నది ఒక ఆన్‌లైన్ క్లాసులో. పేరు చెప్పను. "హీబ్రూ మర్మాలు" అని వాట్సాప్‌లో పోస్టర్ తిరిగితే ఫీజు కట్టి చేరాను. జూమ్‌లో ఒకాయన ప్రతి హీబ్రూ అక్షరానికీ ఒక బొమ్మ చూపించి, బొమ్మలన్నీ కలిపి వాక్యం చేసి, అదే ఆ మాటకి అసలు అర్థం అనేవాడు. కీర్తన 16:7లో మన బైబిల్ "అంతరింద్రియము" అన్న చోట హీబ్రూలో ఏముందండీ అని అడిగితే, అది పై క్లాసులో వస్తుంది, దానికి ఫీజు వేరే అన్నారు. నెట్ నోట్‌లో ఆ జవాబు ఊరికే ఉంది: మూత్రపిండాలు. రాత్రిళ్లు నా మూత్రపిండాలు నాకు బుద్ధి చెప్తున్నాయి అని దావీదు మాట. మనిషి లోలోపలి మనసుకి వాళ్లు ఆ చోటు ఇచ్చారు. మనం గుండెకీ కడుపుకీ ఇచ్చినట్టే. దీనికి మర్మాలేం అక్కర్లేదు, పై క్లాసూ అక్కర్లేదు.

సామెతలు 25:22 సంగతీ అంతే. శత్రువుకి అన్నం పెడితే "వాని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు" అన్న వచనం మీద మన వేదికల మీద ఒక కథ బాగా చెలామణిలో ఉంది. పొయ్యి ఆరిపోయినవాడు కుండ నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఇరుగుపొరుగు నిప్పులు వేసేవాళ్లని. వినడానికి బావుంటుంది. నెట్ నోట్ ఆ కథ జోలికే పోదు. నిప్పులంటే మనస్సాక్షి పెట్టే బాధ, దెబ్బ కంటే దయ వల్లే అది తొందరగా పుడుతుంది అని రాసి ఊరుకుంటుంది.

ఇక ఇబ్బందులు. ఇంగ్లిష్ ఓ మోస్తరుగా వచ్చినంత మాత్రాన ఈ నోట్స్ మింగుడుపడవు. మెటానిమీ, ఇన్ఫినిటివ్ అబ్సొల్యూట్, హెన్‌డయడిస్ లాంటి మాటలు ఉప్పు చల్లినట్టు చల్లారు. హెన్‌డయడిస్ అంటే మధ్యలో "మరియు" పెట్టి రెండు మాటలు వాడినా చెప్పేది ఒకటే సంగతి కావడం. ఆదికాండము 3:16లో హవ్వతో చెప్పిన "నీ బాధ, నీ గర్భం" అన్నది అలాంటిదే, కాన్పు నొప్పి అని ఒకే అర్థం అంటుంది నోట్. ఎక్కువమంది పిల్లల్ని కనడమే శిక్ష అని కొందరు అర్థం తీసేది ఆ జంటని విడదీయబట్టే. ఇంత మంచి విషయం ఆ గ్రీకు పేరు చూసి భయపడి వదిలేసేవాళ్లు ఎంతమందో! మొదట్లో నేను చేసిన పని చెప్తాను: అర్థం కాని పదం వస్తే దాటేసి "హెబ్" తర్వాత కోట్స్‌లో ఉన్న ముక్క మాత్రం చదివేవాణ్ణి. అది చాలు, విషయం అందుతుంది. పరిభాష మెల్లగా అలవాటవుతుంది.

రెండో ఇబ్బంది, హీబ్రూ మాట ఒకటి తెలిశాక అది బైబిల్ మొత్తంలో ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూడాలంటే నెట్ అచ్చు పుస్తకం పనికిరాదు. దానికి స్టెప్ బైబిల్ వాడండి. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వాళ్లది, అదీ ఉచితమే. మాట మీద నొక్కితే హీబ్రూ మూలం, నిఘంటువు, అది వచ్చిన చోట్లు అన్నీ వస్తాయి. నిర్గమకాండము 34:6లో దేవుడికి ఉన్న "దీర్ఘశాంతము" మీద నొక్కి చూడండి. ఇంగ్లిష్‌లో స్లో టు యాంగర్ అన్న చోట రెండు మాటలు, ఒకటి పొడుగు, రెండోది అఫ్. ఆ అఫ్ అన్న మాటకి నిఘంటువులో ముక్కు, ముఖం, కోపం మూడూ ఉంటాయి. అంటే పొడుగు ముక్కు గల దేవుడు! కోపం ముక్కులోంచి బుసలుగా బయటకొస్తుంది కాబట్టి ముక్కు పొడుగైతే కోపం రావడానికి టైమ్ పడుతుందని మా ఇంట్లో నేను చెప్పుకునే వ్యాఖ్యానం, పండితులకి సంబంధం లేదు. ముక్కు మీద కోపం అని మనం అనే మాట వాళ్లకి చెప్తే వెంటనే అర్థమైపోతుంది, అది మాత్రం ఖాయం.

అచ్చు పుస్తకం గురించి నా వృత్తి ప్రకారం రెండు మాటలు. అక్షరం బావుంది. ఈ బైబిల్ కోసమే ప్రత్యేకంగా తయారుచేయించిన ఫాంట్, కంఫర్ట్ ప్రింట్ అంటారు. నోట్స్ సైజు చిన్నదే అయినా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడినట్టు ఉండవు, నలభై దాటిన కళ్లకి కూడా లైటు వెలుతురులో పర్వాలేదు. రెండు వేల పేజీలు పైనే కాబట్టి కాగితం పల్చన, బరువు ఎక్కువ. ఒళ్లో పెట్టుకుని చదివే పుస్తకం కాదు, బల్ల కావాలి. కొన్ని పేజీల్లో పైపాఠం నాలుగు వరసలే ఉండి మిగతాదంతా నోట్స్ ఆక్రమించేస్తాయి. లేఅవుట్ చేసినవాడి కష్టం నాకు తెలుసు కాబట్టి నేనేమీ అనను. నేను తెప్పించుకున్న ఆన్‌లైన్ షాపు వాళ్లు పల్చటి కవర్లో పడేసి పంపితే అట్ట మూల నలిగింది. ఫోటో తీసి పెడితే మార్చి ఇస్తామన్నారు, మళ్లీ ఎదురుచూసే ఓపిక లేక ఉంచేసుకున్నాను.

ఐదు నక్షత్రాలకి ఎన్ని ఇస్తావంటే నోట్స్‌కి నాలుగున్నర, పైపాఠానికి మూడు. సండే స్కూల్ టీచర్లకి, వాక్యం చెప్పేవాళ్లకి, నాలా మాట దగ్గర ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లకి తప్పకుండా పనికొస్తుంది. ఇంగ్లిష్ అస్సలు రానివాళ్లకి చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. కొనేముందు నెట్ బైబిల్ సైట్లో ఒక వారం చదివి చూడండి. డబ్బులు కట్టక్కర్లేదు, చదవడానికి అకౌంటూ అక్కర్లేదు, నోట్స్ మొత్తం అక్కడే ఉన్నాయి. ఎడమవైపు వచనం, కుడివైపు నోట్స్ రావాలంటే ఫోన్ కంటే కంప్యూటర్ మేలు. కీర్తనలతో కాకుండా ఆదికాండముతో మొదలుపెట్టండి, కథ తెలిసిందే కాబట్టి నోట్ ఎందుకు పెట్టారో వెంటనే తెలుస్తుంది. పక్కన మన తెలుగు బైబిల్ తెరిచి ఉంచుకోండి, లేకపోతే సగం మజా పోతుంది. అచ్చు ప్రతే కావాలనుకుంటే అట్ట మీద "ఫుల్ నోట్స్ ఎడిషన్" అని ఉందో లేదో చూసి మరీ ఆర్డర్ పెట్టండి. అదే పేరుతో, అదే కంపెనీ నుంచి నోట్స్ బాగా కత్తిరించిన సన్నపాటి ఎడిషన్లు కూడా వస్తున్నాయి. ధర తక్కువని అది తీసుకుంటే పైపాఠం తప్ప పెద్దగా ఏమీ చేతికి రాదు.